మ్యూచువల్‌కి వెళ్లాలా, కేసు వేయాలా? మధ్యలో మీడియేషన్ ఏం చేస్తుంది?

అడిగిన ప్రశ్న: "మా పెళ్లి 2018లో విజయవాడలో అయింది. మావారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. ఐదేళ్ల బాబు ఉన్నాడు. ఇరవై నెలలుగా నేను, బాబు గుంటూరులో మా అమ్మావాళ్ల దగ్గరే ఉంటున్నాం. కలిసి ఉండటం కుదరదని ఇద్దరికీ తెలుసు. బంగారం, బాబు, డబ్బు దగ్గరే మాట తెగడం లేదు. పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద రాసుకుని విడిపోమంటున్నారు. ఒక లాయరుగారు ముందు 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపు మీద క్రిమినల్ కేసు) పెడితే వాళ్లే దారికొస్తారంటున్నారు. మ్యూచువల్‌కీ (ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకీ) మామూలు కేసుకీ తేడా ఏమిటి? మీడియేషన్‌కి వెళ్తే మళ్లీ కాపురానికి వెళ్లమని ఒత్తిడి చేస్తారా?"

జవాబు:

అమ్మా, నలుగురి దగ్గర నాలుగు మాటలు విని మీరు టెన్షన్ పడుతున్నారని అర్థమవుతోంది. నేను కుటుంబ కోర్టుల్లో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్నాను. కోర్టు మీడియేషన్ కేంద్రంలో మీడియేటర్‌గా కూడా కూర్చుంటాను. మీ కాగితాలు చూడలేదు కాబట్టి మీ విషయంలో కచ్చితంగా ఇలాగే జరుగుతుందని చెప్పను. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మాత్రం, విడిపోవడం మీద మీ ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా బంగారం, బాబు, డబ్బు మీదే. ఈ మూడింటినీ బోనెక్కి తేల్చుకునేకంటే ఒక గదిలో కూర్చుని తేల్చుకుంటే మీకు ఎక్కువ దక్కుతుంది, త్వరగా దక్కుతుంది. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు ఆ స్టాంపు కాగితం సంగతి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంది. పెద్దమనుషులు ఎంత మంచివాళ్లైనా, కాగితం మీద ఎన్ని సంతకాలున్నా, నోటరీ చేయించినా అది విడాకులు కాదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం తెగతెంపులు చేసుకునే పద్ధతి ఉంది, దాన్ని చట్టంలోని సెక్షన్ 29 కూడా గుర్తిస్తుంది. కానీ అలాంటి ఆచారం మీ కులంలో ఎప్పటినుంచో నడుస్తోందని రేపు కోర్టులో రుజువు చేసుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది. ఆ కాగితం నమ్ముకుని మీరో ఆయనో మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా రెండో పెళ్లి నేరం మెడకు చుట్టుకుంటుంది. పాస్‌పోర్టులో పేరు మార్పు దగ్గర, ఫ్యామిలీ పెన్షన్ దగ్గర, ఆస్తి వారసత్వం దగ్గర ఎవరూ ఆ కాగితాన్ని లెక్కచేయరు. పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడటం తప్పని నేను అనను. వాళ్ల దగ్గర ఏవైనా షరతులు కుదిరితే రాసి పెట్టుకోండి, మీడియేటర్ ముందుకు తీసుకెళ్లడానికి పనికొస్తాయి. విడాకుల పత్రం అని పేరు పెట్టి దాని మీద సంతకం మాత్రం చేయకండి.

ఇక మ్యూచువల్. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చినప్పుడు ఇది లేదు. 1976 సవరణతో సెక్షన్ 13బి చేరింది. దీనికి మూడు ఉండాలి: ఏడాదిగానో అంతకుమించో విడిగా ఉండటం, కలిసి బతకలేకపోవడం, విడిపోదామని ఇద్దరూ ఒప్పుకోవడం. విడిగా ఉండటమంటే ఊళ్లు వేరు కానక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉంటూ భార్యాభర్తలుగా బతకకపోయినా సరిపోతుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇక్కడ ఎవరి తప్పు ఎంత అని ఎవరూ అడగరు. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. కోర్టు ఆరు నెలల తర్వాతకు వాయిదా వేస్తుంది. ఆ రోజు ఇద్దరూ హాజరై, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నామని ప్రమాణం చేసి చెబితే డిక్రీ, అంటే విడాకుల ఉత్తర్వు ఇస్తుంది. పిటిషన్ వేసిన నాటి నుంచి పద్దెనిమిది నెలల్లోపు ఈ రెండో అడుగు పడాలి.

ఆ ఆరు నెలలు తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. 2017 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో, తగిన కారణాలుంటే కుటుంబ కోర్టే ఆ గడువును మాఫీ చేయవచ్చని చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, కలిపే ప్రయత్నాలు ఫలించక ఆగిపోయి ఉండాలి, భరణం, పిల్లల సంరక్షణ వంటివి నిజంగా తేలిపోయి ఉండాలి, ఇంకా ఆగితే ఇద్దరికీ బాధ పెరగడమే తప్ప ప్రయోజనం ఉండకూడదు. మీకు ఇరవై నెలలైంది కాబట్టి మొదటి షరతు నిండినట్టే. కానీ మూడోది చూడండి. మీ మధ్య తేలనివి అవే.

మ్యూచువల్‌లో జనం పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా 'నాకు ఇష్టం లేదు' అని వెనక్కి తగ్గవచ్చు. ఆ 1991 తీర్పు ప్రకారం చివరి రోజు వరకు ఇద్దరి సమ్మతీ నిలబడాలి. డబ్బంతా ముందే ఇచ్చేసిన భర్త, కేసులన్నీ ముందే ఉపసంహరించుకున్న భార్య తర్వాత నెత్తీనోరూ కొట్టుకోవడం మేం చూస్తూనే ఉంటాం. కోర్టుకు రాతపూర్వకంగా హామీ ఇచ్చి, ఆ ఒప్పందం కింద లాభం పొంది, తర్వాత మాట తప్పితే కోర్టు ధిక్కరణ దాకా వెళ్లవచ్చు. కానీ అదీ మళ్లీ ఒక కేసే కదా. అందుకే ఏది ఎప్పుడు ఇవ్వాలి, దేని తర్వాత ఏది జరగాలి అన్న వరుస మీ కాగితంలో ఉండాలి.

ఇప్పుడు మామూలు కేసు, అంటే కంటెస్ట్ చేసే విడాకులు. ఒకరు అడుగుతారు, రెండోవారు కాదంటారు, లేదా షరతులకు ఒప్పుకోరు. అప్పుడు సెక్షన్ 13లో రాసి ఉన్న కారణాల్లో ఒకటి చూపించి రుజువు చేయాలి: క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి వెళ్లిపోవడం, పరాయి వ్యక్తితో సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్లుగా జాడ లేకపోవడం వంటివి. మీ కోసం ఒక మాట గట్టిగా చెప్పాలి. 'మా పెళ్లి ఎప్పుడో ముగిసిపోయింది, కలిసే అవకాశమే లేదు' అన్నది ఈ జాబితాలో లేదు. దాన్ని చేర్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది గానీ చట్టం కాలేదు. ఆ కారణం మీద విడాకులు ఇవ్వగలిగేది రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఒక్కటే. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం దీన్ని స్పష్టం చేస్తూనే, ఎవరుపడితే వాళ్లు నేరుగా వచ్చి అడగడానికి వీల్లేదని కూడా చెప్పింది.

దీని ఫలితం ఏమిటో తెలుసా? కుటుంబ కోర్టులో గెలవాలంటే ఎదుటివాళ్లు చెడ్డవాళ్లని నిరూపించాలి. అందుకే కంటెస్ట్ పిటిషన్లలో అత్త తిట్టిన తిట్లు, పడగ్గది విషయాలు, ఎప్పుడో పండక్కి జరిగిన గొడవ, అన్నీ ఎక్కుతాయి. ఆయన కౌంటర్‌లో (తన జవాబు పత్రంలో) అంతకు రెండింతలు వేస్తారు. ఒకసారి కాగితం మీదికి ఎక్కాక 'లాయరు రాశాడండీ' అంటే ఎవరికీ కోపం తగ్గదు. ఆ తర్వాత సెటిల్‌మెంట్ మాట ఎత్తినా 'నన్ను అంత మాట అన్నాక రూపాయి ఇవ్వను' అంటారు.

కేసు నడిచే తీరు కూడా తెలుసుకోండి. సమన్లు వెళ్లాలి. అడ్రసు మారిందనో ఇంట్లో లేరనో రెండు మూడు వాయిదాలు పోతాయి. కౌంటర్ వేయడానికి టైము అడుగుతారు. మధ్యంతర మనోవర్తి (కేసు నడిచే కాలానికి నెల ఖర్చులు) కోసం మీరు సెక్షన్ 24 కింద ఐఏ, అంటే మధ్యంతర అర్జీ వేస్తారు, దాని మీద వాదనలు. తర్వాత మీ చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే మీ వాంగ్మూలం), ఆపైన మీ క్రాస్ (దాని మీద ఎదుటి లాయరు ప్రశ్నలు). క్రాస్‌లో ఎదుటి లాయరు మీ వాట్సాప్ మెసేజ్ ఒకటి చదివి 'ఇది మీరు పంపిందేనా' అని అడిగితే అవునో కాదో చెప్పాలి, దానికి ముందూ వెనకా ఏం జరిగిందో చెప్పబోతే ఆపుతారు. విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది, అది నిజం. అయినా ఆ గంట మనిషిని నలిపేస్తుంది. విచారణ ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఏళ్లు పడుతుంది, ఆపైన హైకోర్టులో అప్పీలు.

అలాగని కంటెస్ట్ కేసు ఎప్పుడూ వేయకూడదని కాదు. ఆయన ఏ నోటీసుకూ బదులివ్వకపోతే, జాడ చెప్పకుండా పోతే, కొట్టడం, చంపుతానని బెదిరించడం ఉంటే, విడాకులకు ఒప్పుకోకుండా ఏళ్ల తరబడి నానబెట్టడమే ఉద్దేశమైతే కేసు వేయాల్సిందే. అప్పుడు వెనకాడటం వల్ల నష్టపోయేది మీరే. ఇంకో సంగతి, కంటెస్ట్‌గా మొదలైన కేసు కంటెస్ట్‌గానే ముగియాలని లేదు. ఏ దశలోనైనా ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని 13బి కిందికి మార్చుకోవచ్చు. చాలా కేసులు చివరికి అలాగే తేలతాయి. మూడేళ్లు కొట్లాడి అలిసిపోయాక రాసుకునే ఒప్పందం మొదటి నెలలో రాసుకోగలిగినదానికి పెద్ద తేడాగా ఉండకపోవడం చూసినప్పుడల్లా నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

'ముందు 498ఏ పడేస్తే దారికొస్తారు' అన్న సలహా మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ మీద నిజంగా హింస జరిగితే, కట్నం కోసం వేధిస్తే ఫిర్యాదు చేయడం మీ హక్కు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 అయింది. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ, ఉండటానికి చోటు, నెల ఖర్చులు కూడా అడగవచ్చు. కానీ జరగనివి జరిగినట్టు రాసి బేరానికి ఆయుధంగా వాడితే మూడు రకాలుగా దెబ్బతింటారు. ఒకటి, 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఈ కేసుల్లో ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయకూడదు, కాబట్టి ఆ లాయరుగారు అనుకునే భయం వాళ్లకు పుట్టకపోవచ్చు. రెండు, తప్పుడు ఫిర్యాదే క్రూరత్వం కిందికి వస్తుంది. 2013లో మన తెలుగు దంపతుల కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పి భర్తకు విడాకులు ఇచ్చింది. మూడు, రేపు రాజీ కుదిరినా ఆ కేసు మీరు వద్దనగానే పోదు. పాత 498ఏ కేసులను కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణ ఇచ్చింది గానీ, అర్జీ పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలి. కొత్త చట్టం కింద నమోదైనదైతే హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవడమే మామూలు దారి.

అదే 2013 తీర్పులో కుటుంబ కోర్టులకు ఇంకో ఆదేశం ఉంది. కౌన్సెలర్ల ప్రయత్నం విఫలమైనా సరే, ఇద్దరూ ఒప్పుకుంటే కేసును మీడియేషన్ కేంద్రానికి పంపాలని. కేసు వేయకముందే మాట్లాడుకునే ఏర్పాటు మీడియేషన్ కేంద్రాల్లో ఉండాలని కూడా చెప్పింది. మీలాంటివాళ్లకు పనికొచ్చేది ఇదే.

మీడియేషన్ అంటే పంచాయితీ కాదు. పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు, మీరు తలొగ్గాలి. పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ కూడా ఇది కాదు, అక్కడ వెనకాల లాఠీ భయం ఉంటుంది. కుటుంబ కోర్టు కౌన్సెలర్ పని ముఖ్యంగా కలపగలరేమో చూడటం. మీడియేటర్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. ఇద్దరూ మాట్లాడుకునేలా చూస్తారు, అటుదీ ఇటుదీ విని తేలగలిగిన దారులు వెతుకుతారు, ఒప్పుకునేదీ కాదనేదీ మీరే. కోర్టు పంపే మీడియేషన్‌కు ఫీజు లేదు. అక్కడ అన్న మాటలు బయటికి రావు. కుదిరితే ఒప్పందాన్ని కోర్టుకు పంపుతారు, కుదరకపోతే 'కుదరలేదు' అని ఒక్క ముక్క రాసి పంపుతారు. ఎవరు ఏ అంకె చెప్పారు, ఎవరు మొండికేశారు అన్నది జడ్జిగారికి తెలియదు. 'యాభై లక్షలు అడిగి పాతికకు దిగిందండీ' అని తర్వాత మీ మీద వాడుకోవడానికి వీల్లేదు.

కాపురానికి వెళ్లమని ఒత్తిడి చేస్తారా అని అడిగారు. మొదటి సిట్టింగ్‌లో కలిసి ఉండే అవకాశం ఏమైనా ఉందా అని అడుగుతారు. కలపడానికి వీలుంటే ప్రయత్నించాలని హిందూ వివాహ చట్టమూ 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టమూ కోర్టు మీదే బాధ్యత పెట్టాయి కాబట్టి ఆ ప్రశ్న తప్పదు. మీరు ఆలోచించుకున్నది అదే అయితే 'లేదండీ, విడిపోవడం ఎలా అన్నదే మాట్లాడదాం' అని స్థిమితంగా చెప్పండి, చాలు. అంతకుమించి నెట్టే మీడియేటర్ తన పని సరిగా చేయనట్టే, ఆ సంగతి మీరు మీడియేషన్ కేంద్రం కోఆర్డినేటర్‌కు చెప్పి వేరేవాళ్లను అడగవచ్చు. మీవారి ముందు కూర్చోవడానికి భయముంటే వేరు వేరు గదుల్లో కూర్చుంటామని ముందే చెప్పండి. కొట్టిన చరిత్ర ఉంటే ఆ మాట దాచకండి, ముందు రక్షణ ఉత్తర్వు తీసుకున్నాకే మీడియేషన్‌కు కూర్చోవడం మంచిది.

లోపల పని ఎలా జరుగుతుందో బంగారం ఉదాహరణతో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కేసూ కాదు, ఇలాంటివి తరచూ వచ్చేవే. అమ్మాయి తరఫు 'నలభై కాసులు పెట్టాం' అంటారు. అబ్బాయి తరఫు 'పాతిక కూడా లేవు, అందులో మేం పెట్టినవీ ఉన్నాయి' అంటారు. అందరూ కలిసి కూర్చుంటే గంటసేపు ఇదే. అప్పుడు మీడియేటర్ ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. అమ్మాయి తల్లి దగ్గర పెళ్లి పద్దులు రాసుకున్న నోటుబుక్కు ఉంటుంది, షాపు బిల్లులు కొన్ని ఉంటాయి. పెళ్లి ఆల్బమ్ తీసి ఒక్కో ఫోటోలో ఏ నగ ఎవరు పెట్టిందో గుర్తు పెడతారు. అటుపక్క గదిలో అబ్బాయి మెల్లగా చెబుతాడు, ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కు వడ్డాణం, గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టానని, ఆ సంగతి ఇంట్లో నాన్నకు కూడా తెలియదని. ఈ మాట తన అనుమతి లేకుండా మీడియేటర్ అవతలి గదికి మోయరు. ఆయన ఒప్పుకున్నాక ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీస్తారు: లాకర్‌లో ఉన్నవి, తాకట్టులో ఉన్నవి, అమ్మేసినవి. నలభయ్యా పాతికా అన్న తగాదా అక్కడ ఆగి, ఏ వస్తువు ఎక్కడుందన్న పని మొదలవుతుంది. లాకర్‌లోవి ఫలానా తేదీన ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి తీసుకుంటారు. అమ్మేసినవాటికి ఆ రోజు ధర కట్టి మొత్తంలో కలుపుతారు. తాకట్టువి విడిపించడానికి ఆయనకు నాలుగు నెలలు కావాలి.

ఇలాంటప్పుడు ఆ ఆరు నెలల గడువును మాఫీ చేయమని అడగకపోవడమే మేలు. పిటిషన్ వేసి, గోల్డ్ లోన్ మూసేసిన రసీదు, నగలు రెండోసారి కోర్టుకు వెళ్లేలోపు చేతికి రావాలని రాసుకుంటే ఆ గడువే మీకు రక్ష. త్వరగా అయిపోతుందని అందరూ మాఫీ వెనక పరిగెడతారు. మీ చేతికి రావలసినవి రాకముందు తొందరెందుకు?

పెళ్లిలో మీకు పెట్టిన బంగారం, కానుకలు స్త్రీధనం, పూర్తిగా మీవి. ఆయన దగ్గరున్నా, అత్తగారి బీరువాలో ఉన్నా మీవే. కట్నం కింద ఇచ్చినది కూడా 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం చివరికి అమ్మాయికే చేరాలి. ఇవి వేరు, భరణం వేరు. 'బంగారం ఇచ్చేస్తున్నాం కదా, ఇంక భరణం ఎందుకు' అని అవతలివాళ్లు అంటే రెండూ కలపవద్దని చెప్పండి.

భరణానికి పక్కా లెక్క లేదు. జీతంలో ఇంత శాతం అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆయన ఆదాయం, అప్పులు, మీ చదువు, మీరు ఉద్యోగం చేస్తున్నారా, ఎన్నాళ్ల కాపురం, బాబు ఖర్చు, మీరు అలవాటుపడ్డ జీవితం, అన్నీ చూస్తారు. 2020 నవంబర్‌లో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా ఇవ్వాలంది. మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని కూడా చెప్పింది. మీడియేషన్‌లో కూర్చున్నా ఇదే ఫారం ఇద్దరూ నింపుదామని అడగండి. ఫారం 16, పే స్లిప్పులు, పీఎఫ్, కంపెనీ షేర్లు ఉంటే వాటి వివరాలు బల్లమీదికి వస్తే అంకె మీద సగం గొడవ తగ్గుతుంది. మీ వివరాలు కూడా నిజాయితీగా ఇవ్వాలి.

బాబు విషయంలో నేను బాగా సమయం తీసుకుంటాను, మీరూ తీసుకోండి. చాలా ఒప్పందాల్లో 'బాబు తల్లి దగ్గర ఉంటాడు, తండ్రి చూడవచ్చు' అని ఒక్క లైను ఉంటుంది. ఆ లైనే తర్వాత పది గొడవలకు మూలం. నెలకు ఏ రెండు శనివారాలు, గుంటూరులోనా హైదరాబాద్‌లోనా, బస్సు ఖర్చు ఎవరిది, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, సంక్రాంతి ఒక ఏడు ఇటు ఒక ఏడు అటా, వీడియో కాల్ ఎన్నింటికి, స్కూల్ ఫీజు నేరుగా స్కూలుకు కడతారా, జబ్బు చేస్తే ఎవరు ఎవరికి చెప్పాలి, పాస్‌పోర్టు కాగితాల మీద సంతకం ఎప్పుడు పెడతారు, నానమ్మ తాతయ్య ఎప్పుడు చూడవచ్చు. అన్నీ రాయండి. బాబు పెరిగేకొద్దీ ఇవి మారతాయి కాబట్టి, మూడేళ్లకోసారి మళ్లీ మాట్లాడుకుందామని కూడా రాసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. 'నాకేం వద్దు, బాబును ఇస్తే చాలు, వాడి ఖర్చు కూడా అడగను' అని కోపంలో రాసివ్వకండి. తండ్రి నుంచి పోషణ పొందడం బాబు హక్కు, దాన్ని వాడి తరఫున మీరు వదిలేయలేరు.

ఊళ్ల సమస్య కూడా ఉంది. మీరు గుంటూరులో, ఆయన హైదరాబాద్‌లో. భార్య కేసు వేస్తే తను ఉంటున్న చోటే వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది, కాబట్టి మీరు గుంటూరులో వేయవచ్చు. ఆయన ముందుగా హైదరాబాద్‌లో వేస్తే? ఒకే రాష్ట్రంలోనైతే హైకోర్టుకు వెళ్లి మార్పించుకునేవాళ్లం. రాష్ట్రాలు రెండయ్యాయి, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండు. తెలంగాణలోని కేసును ఆంధ్రప్రదేశ్‌కు మార్చాలంటే ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. భార్యల ఇబ్బంది చూసి తరచూ మారుస్తారు గానీ ఖర్చు, కాలం ఎక్కడికి పోతాయి? ఒప్పందం కుదిరితే ఈ తలనొప్పే ఉండదు. పెళ్లి విజయవాడలో అయింది కాబట్టి అక్కడ కూడా ఉమ్మడి పిటిషన్ వేసుకోవచ్చు.

ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అన్నారు కాబట్టి ఇంకో మాట. ఆన్‌సైట్ మీద అమెరికా వెళ్లి అక్కడ విడాకులు తీసుకుంటానంటే కంగారు పడకండి. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరి కోర్టులో డిక్రీ తెచ్చుకున్న తెలుగువారి కేసులోనే 1991లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మన వివాహ చట్టంలో లేని కారణం మీద, రెండోవారు ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదు. కాకపోతే అక్కడి నుంచి నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకుండా లాయరుకు చూపించండి. తెలియక వేసే జవాబు కూడా ఒప్పుకున్నట్టు లెక్కకు రావచ్చు. మ్యూచువల్ నడుస్తుండగా ఆయన విదేశం వెళ్లాల్సి వస్తే, వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరు కావడానికి కోర్టును ముందే అనుమతి అడగాలి. ఈ అవకాశం కూడా ఒప్పందంలో రాసుకోండి.

(చదివే ఇతరుల కోసం: ఇదంతా హిందూ వివాహ చట్టం ప్రకారం. రిజిస్టర్ పెళ్లి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే మ్యూచువల్‌కు సెక్షన్ 28, క్రైస్తవులకు విడాకుల చట్టంలో సెక్షన్ 10ఏ, ముస్లింలకు ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు), ముబారత్ (ఇద్దరి ఒప్పందంతో విడిపోవడం) ఉన్నాయి. మీడియేషన్ మాత్రం అందరికీ ఒకటే.)

మీరిప్పుడు చేయాల్సింది ఇది. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. కేసు వేయకముందే మీడియేషన్ కావాలని అక్కడ అర్జీ ఇవ్వండి. ఆయనకు వాళ్లే నోటీసు పంపుతారు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. ఏమైనా సందేహముంటే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, నగల బిల్లులు, ఆ పద్దుల నోటుబుక్కు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, బాబు జనన పత్రం, స్కూల్ ఫీజు రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోండి. మీకు ఏం కావాలో, ఎక్కడిదాకా తగ్గగలరో ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి, దాన్ని ఎవరికీ చూపించకండి. గదిలోకి మీతో పాటు అరిచే మేనమామను కాకుండా, మీరు తడబడితే నీళ్లిచ్చి కూర్చోబెట్టే మనిషిని తీసుకెళ్లండి.

అక్కడ కుదిరిన ఒప్పందం విడాకులు కాదు. దాన్ని పెట్టి 13బి పిటిషన్ వేసి డిక్రీ తెచ్చుకోవాలి. ఆయన నోటీసులకు రాకపోతే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, ఆ ఫైలుతోనే గుంటూరు కుటుంబ కోర్టులో కేసు వేసి అదే రోజు మధ్యంతర మనోవర్తి కూడా అడగండి. మొదటి సిట్టింగ్ అయ్యాక ఆయన చెప్పిన జీతం వివరాలు, బాబు నెల ఖర్చు రాయండి, పేర్లు అక్కర్లేదు. మనోవర్తి కింద ఎంత అడగడం సబబో అవి చూసి చెబుతాను.